ఆచార్య చెన్నమనేని హనుమంతరావుగారి అర్థశాస్త్రము: పంపకపు ప్రశ్న

పాఠము చెప్పుచు పరిశోధన చేయుచుండిన ఆచార్యుడు ప్రభుత్వమునకు సలహాదారుడైనపుడు అతని వ్రాతలకు రెండు జన్మములు కలుగును. మొదటి జన్మమున అవి గ్రంథములై తర్కమునకు లోబడియుండును. రెండవ జన్మమున నివేదికలై, ఉత్తరువులై, నిధుల లెక్కలై వ్రాసినవాని చేయి దాటిపోవును. మొదటిదానిని మాత్రమే చూచి మెచ్చుకొనుట పండితుల వాడుక. రెండవదానిని మాత్రమే చూచి తిట్టుట పత్రికల వాడుక. ఆచార్య చెన్నమనేని హనుమంతరావుగారి కృషిని రెండు జన్మములను ప్రక్కప్రక్కన పెట్టి చదువవలెనని ఈ వ్యాసముయొక్క ఉద్దేశము. ఆ చదువును భివండీ మరమగ్గముల నడుమ కూర్చుండి చేయుటకు కారణము లేకపోలేదు.

హనుమంతరావుగారు 1929లో జన్మించిరి. నాటి కరీంనగరు జిల్లాలోని సిరిసిల్ల, వేములవాడల ప్రాంతము వారి కుటుంబమునకు నెలవు. పద్మానగరులో ఏ యింటి తలుపు తట్టినను ఆ ఊళ్ల పేర్లు ఎరుగనివారుండరు. వరుస కరవులచేతను, చేమగ్గపు గుడ్డకు గిరాకి సన్నగిల్లుటచేతను కరీంనగరు, వరంగల్లు, నల్లగొండ జిల్లాల పద్మశాలీలు షోలాపురమునకును, బొంబాయికిని, ఇచ్చటికిని వలస వచ్చి మరమగ్గము పట్టిన కథ మన పెద్దలు చెప్పగా విన్నదే. ఇచ్చట సాంచాల పని నేర్చి, మరల సిరిసిల్లకు పోయి అచ్చట సాంచాలు నిలిపినవారును కలరు. ఆ సీమలో పుట్టి ఢిల్లీలో ప్రణాళికా సంఘము దాకా పోయిన అర్థశాస్త్రవేత్త మన బ్రతుకులను గూర్చి ఏమి తలచెనో, ఏమి తలపక విడిచెనో అడుగుట మనకు హక్కు.

కుటుంబమును గూర్చి ఒక్క మాట. హనుమంతరావుగారి అన్న రాజేశ్వరరావుగారు చిరకాలము కమ్యూనిస్టు నాయకులై సిరిసిల్ల నుండి పలుమారు శాసనసభకు ఎన్నికైరి. తమ్ముడు విద్యాసాగరరావుగారు భారతీయ జనతాపార్టీలో చేరి, కేంద్రమున సహాయమంత్రిగా పనిచేసి, 2014 నుండి 2019 వరకు మహారాష్ట్ర గవర్నరుగా ఉండిరి. ఒకే యింట మూడు దారులు! నడిమివారు యౌవనమున అన్నగారి దారినే నడచిరి. తమ స్మృతిగ్రంథమునకు వారు పెట్టుకొన్న పేరే ఆ నడకను తెలుపుచున్నది: మార్క్సిజము, లెనినిజముల నుండి నెహ్రూ సోషలిజమునకు తాము చేసిన ప్రయాణమని. ప్రయాణమున బండి మారినను మూట మారలేదని నా అభిప్రాయము. పంట పెరిగినపుడు ఆ పెరుగుదల ఎవరి గాదెకు చేరినది అను ప్రశ్న మొదటి గ్రంథము నుండి తుది నివేదిక వరకు ఆయనను విడువలేదు.

ఉస్మానియాలో చదివి, ఢిల్లీ స్కూల్ ఆఫ్ ఎకనమిక్సులో పరిశోధన చేసి, పిదప చికాగో విశ్వవిద్యాలయమున కొంతకాలము గడపి, ఢిల్లీలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఎకనమిక్ గ్రోత్ అను సంస్థలో ఆయన స్థిరపడిరి. 1958లో వి.కె.ఆర్.వి. రావుగారు స్థాపించిన ఆ సంస్థకు తరువాత ఆయనయే సంచాలకులైరి. 1965లో వచ్చిన తొలి గ్రంథము వ్యవసాయపు ఉత్పత్తి, ఖర్చు, రాబడుల లెక్క. మరుసటి సంవత్సరపు గ్రంథము ఆంధ్రప్రదేశమున భూమిపై పన్నును గూర్చినది. ఆ దినములలో అర్థశాస్త్రజ్ఞుల నడుమ ఒక పెద్ద వాదము నడచుచుండెను. 1950వ దశకపు వ్యవసాయ నిర్వహణ పరిశీలనలలో చిన్న కమతమున ఎకరమునకు పంట ఎక్కువగాను, పెద్ద కమతమున తక్కువగాను కనబడెను. అమర్త్య సేన్ 1962లో ఈ విషయమును ఎత్తి చూపగా దానికి కారణమేమి అని పలువురు తలకొక మాట చెప్పిరి. ఆ వాదమున హనుమంతరావుగారును పాల్గొనిరి. ఇంటిల్లిపాది పనిచేయు చిన్నరైతు తన శ్రమకు బజారు కూలి కట్టి లెక్క చూచుకొనడు. కూలి గిట్టని చోటను పనిచేయును. ఈ వివరణమును విన్న మగ్గపువాడు నవ్వుకొనును. పడుగు సరిచేయు తండ్రి, కండెలు చుట్టు తల్లి, పురులు విప్పు పిల్లలు గల యింటిలో ఎవరి కూలి ఎంతయని ఎవ్వరు లెక్క వేసిరి?

ఆయన వ్రాతలన్నిటిలో నాకు మిక్కిలి విలువైనదిగా తోచునది గ్రంథము కాదు, ఒక చిన్న వ్యాసము. 1971లో చికాగో విశ్వవిద్యాలయము ప్రచురించు జర్నల్ ఆఫ్ పొలిటికల్ ఎకానమీలో అచ్చయినది. విషయము పాలుకౌలు. పంటలో సగమో, మరొక భాగమో ఇచ్చెదనను కౌలునకును, పండినను ఎండినను ఇన్ని రూపాయలని కట్టు రొక్కపు కౌలునకును గల భేదమేమి? అప్పటికి పండితులలో ప్రబలుచుండిన మాట యిది: అనిశ్చయము ఎక్కువైన చోట నష్టమును ఇద్దరును పంచుకొనుటకై పాలుకౌలు పుట్టునని. వినుటకు న్యాయముగనే ఉన్నది. అయితే పశ్చిమగోదావరి జిల్లా లెక్కలు దీనికి ఎదురు తిరిగినవి. కాలువ క్రింద నిలకడగా పండు వరికి పాలుకౌలు, ధర నేడొకటి రేపొకటిగా ఉండు పొగాకునకు రొక్కపు కౌలు! నష్టభయమే కారణమైనచో తారుమారు కావలసినది.

హనుమంతరావుగారు చెప్పిన సమాధానము సూక్ష్మమైనది. వరిలో రైతు క్రొత్తగా నిర్ణయింపవలసినది స్వల్పము. నీరు వచ్చును, నాటును, కోయును. అట్టిచోట పంచుకొనుట సులభము. పొగాకులో ఎప్పుడు నాటవలెను, ఎంత పెట్టుబడి పెట్టవలెను, ఆకును ఎట్లు పదును చేయవలెను, ఎవరికి ఎప్పుడు అమ్మవలెను అను ప్రతి మెట్టునను తెలివితో పని ఉన్నది. ఆ తెలివి కలవాడు దాని ఫలమును మరొకనితో పంచుకొనుటకు ఇష్టపడడు. అందుచే భూస్వామికి కట్టు రొక్కము కట్టి, లాభనష్టములు రెండును తానే మోయుటకు ముందుకు వచ్చును. నిర్ణయించువానికే అనిశ్చయపు ఫలము చెందునని దీని సారము. గోదావరి తీరపు రెండు పంటలతో ఒక సిద్ధాంతమును తలక్రిందులు చేసిన వ్యాసమిది. కొలదిపాటి లెక్కలతో ఇంత దూరము పోవుట అరుదు.

ఈ సూత్రమును మన కార్ఖానాలకు తెచ్చి చూతము. ఇచ్చట మగ్గము గలవారు రెండు తెగలు. తన సొమ్ముతో నూలు కొని, నేయించి, గ్రే గుడ్డను తానే అమ్ముకొనువాడు ఒకడు. వ్యాపారి ఇచ్చిన బీమును, పేకనూలును తీసికొని మీటరునకు ఇంతయని మజూరీకి నేసి తాకాలు తిరిగి అప్పగించువాడు రెండవవాడు. సిరిసిల్లలో ఈ రెండవవానిని ఆసామి అందురు. నూలు ధర ఎక్కుట, దిగుట, గుడ్డకు గిరాకి వచ్చుట, పోవుట అను అనిశ్చయమంతయు మొదటివానిది. వాడు పొగాకు రైతు వంటివాడు. ఆసామి వరికౌలుదారు వంటివాడు, నిర్ణయింపవలసినది ఏమియు లేదు. హనుమంతరావుగారి సూత్రము ప్రకారము వాని రాబడి కొంచెమైనను నిలకడగా ఉండవలెను.

నిలకడ ఎక్కడ? గిరాకి పడిపోయిన నెలలో వ్యాపారి బీము ఇయ్యడు. మగ్గము నిలిచిపోవును. కొట్టు అద్దె, విద్యుత్తు బిల్లు, మగ్గము కొనుటకు చేసిన అప్పుమీది వడ్డి నిలువవు. మీటరు కూలి కట్టుబడి ఉన్నదిగాని మీటర్లు కట్టుబడి లేవు. అనగా నిర్ణయాధికారము వ్యాపారి యొద్దను, అనిశ్చయపు నష్టము ఆసామి యొద్దను, అంతకంటె ఎక్కువగా మగ్గము నడుపు కూలివాని యొద్దను చేరినవి. పశ్చిమగోదావరిలో జంటగా నడచిన రెండు ఎద్దులు ఇచ్చట వేరువేరు బండ్లకు కట్టబడినవి. వ్యవసాయమును గూర్చి ఆయన చెప్పినది తప్పని నేను అనుట లేదు. భూమి ఎప్పుడును తన చోటనే ఉండునుగనుక రైతునకు ఏటేట దున్నుటకు పొలమున్నది. ఆసామికి మగ్గమున్నను నేయుటకు నూలు పరాధీనము. ఈ భేదమును పట్టుకొనుటకు సిద్ధాంతమును ఒక మెట్టు పొడిగింపవలెను. ఆ పని ఆయన వ్రాతలలో నాకు కనబడలేదు. ఆయన ప్రధాన గ్రంథముల శీర్షికలలో పొలమున్నది, పన్ను ఉన్నది, పేదరికమున్నది. మగ్గము లేదు.

1975లో వెలువడిన పెద్ద గ్రంథము, భారత వ్యవసాయమున సాంకేతిక పరిణామమును, దాని లాభముల పంపకమును గూర్చినది. హరితవిప్లవమును కొందరు ఆకాశమునకెత్తి, కొందరు శపించుచుండిన కాలమది. ఆయన రెండును చేయక, క్రొత్త సాధనములను విడదీసి చూచిరి. మేలైన విత్తనము, ఎరువు, నీరు అనునవి భూమిని ఆదాచేసి కూలికి పని పెంచునవి. ట్రాక్టరు కూలిని తొలగించునది. రెంటిని ఒకే పేరుతో పిలిచి ప్రభుత్వము చౌక ఋణము లిచ్చుట అవివేకము. లాభము నీరున్న సీమలకును, పెట్టుబడి గలవారికిని ముందుగా చేరుననియు ఆయన చూపిరి.

ఇదే కాలమున జవుళిలో ఇట్టి వాదమే నడచినది. 1954లో కానుంగో సంఘము చేమగ్గములను క్రమక్రమముగా మరమగ్గములుగా మార్చవలెనని చెప్పెను. 1964లో అశోక్ మెహతా సంఘము మరమగ్గముల స్థితిని విచారించెను. 1974లో శివరామన్ సంఘము ఒక మరమగ్గము ఆరు చేమగ్గములను మూలపడవేయునని లెక్క చెప్పెను. ఆ లెక్కలోని ఆరు చేమగ్గములవారిలో ఒకడు మరమగ్గము నొద్ద కూలియై నిలిచెననుకొన్నను, తక్కిన ఐదుగురు ఏమైరి? ట్రాక్టరును గూర్చి హనుమంతరావుగారు అడిగిన ప్రశ్నయే యిది. ఇంకొక చిక్కును ఉన్నది. భివండీకి వచ్చిన పద్మశాలి, తన తండ్రి మగ్గమును మూలపడవేసిన యంత్రమునకే సేవకుడైనాడు. పొలమున ట్రాక్టరు వలన తొలగిన కూలివాడు ట్రాక్టరు డ్రైవరగుట అరుదు. మగ్గములో ఇది సామాన్యమైనది. ఇట్టి విచిత్రమును ఆయన వంటి చూపుగలవాడు పరిశీలించియుండిన మనకు ఎంత మేలు కలిగెడిదో!

ఇక సలహాదారుని జీవితము. న్యాయమూర్తి షెలాత్ అధ్యక్షతను 1978లో నివేదిక నిచ్చిన ఏడవ ఆర్థిక సంఘమునను, యశ్వంతరావ్ చవాన్ అధ్యక్షులైన ఎనిమిదవ సంఘమునను ఆయన సభ్యులు. ఏడవ సంఘము కేంద్ర ఎక్సైజు సుంకములలో రాష్ట్రముల వాటాను నూటికి 20 నుండి 40కి పెంచెను. దానిని పంచుటలో జనసంఖ్యతో పాటు రాష్ట్రమున పేదలు ఎందరను లెక్కకు నాలుగవ వంతు తూకము నిచ్చెను. ఇది చిన్న మార్పు కాదు. అంతకు కొన్ని యేండ్ల ముందు పూనా ఆచార్యుడు ధనంజయ గాడ్గిల్ ప్రణాళికా సహాయమును పంచుటకు చేసిన సూత్రములో జనసంఖ్యకు నూటికి 60, తలసరి ఆదాయపు వెనుకబాటుకు 10 ఉండెను. పేదవాని తల లెక్కకు రాలేదు. పంపకపు ప్రశ్న గ్రంథము నుండి ఖజానా సూత్రమునకు ఎక్కుట మనము ఇచ్చట కన్నులార చూడవచ్చును. సంఘములోని ప్రతి నిర్ణయమును ఒక్క సభ్యునికి అంటగట్టరాదు, నిజమే. ఆయన చేయి అందు లేదనుటయు కష్టమే.

గాడ్గిల్ పేరు వచ్చినది గనుక ఒక పోలిక చెప్పి ముందుకు పోయెదను. ఆయనయు ఆచార్యుడై ప్రణాళికా సంఘమునకు ఉపాధ్యక్షుడైనవాడే (1967-71). గోఖలే సంస్థ తరపున షోలాపురపు ఆర్థిక, సాంఘిక జీవితమును ఇంటింట పరిశీలించి 1965లో గ్రంథముగా వెలువరించెను. మన తెలుగు సాలెవారు బహుళముగా ఉన్న ఊరది. విఠలరావ్ విఖే పాటిల్‌తో కలిసి ప్రవరలో రైతుల సహకార చక్కెర కర్మాగారమును నిలిపెను. పట్టణమును చూచుటలోను, ఒక సంస్థను నేలమీద నిలిపి చూపుటలోను గాడ్గిల్ మిన్న. లెక్క నుండి సిద్ధాంతమును తీయుటలో హనుమంతరావుగారు మిన్న అని నా తీర్పు.

1982లో హనుమంతరావుగారు ప్రణాళికా సంఘ సభ్యులై 1986 వరకు ఉండిరి. మనకు ఆ 1982 మరచిపోరాని సంవత్సరము. జనవరి 18న దత్తా సామంత్ నాయకత్వమున బొంబాయి మిల్లులలో సుమారు రెండున్నర లక్షలమంది సమ్మె కట్టిరి. మిల్లులు మూతపడిన కొలది వాని నేతపని భివండీ కొట్లలోనికి ప్రవహించెను. మిల్లులు తీసివేసిన పాత మగ్గములును ఇచ్చటికే చేరినవి. పది మంది గాని అంతకు మించి గాని పనివారుండిన కర్మాగార శాసనము వర్తించునని, ఒకే యజమాని మగ్గములను నాలుగు పేర్లమీద నాలుగు ముక్కలుగా విడదీయుట పరిపాటియైనది. పండ్రెండు గంటలకొక పాళీ, నెలజీతము లేదు, మీటరు కూలి. దేశపు జవుళి చరిత్రలో ఇంత పెద్ద మార్పు జరుగుచుండగా ప్రణాళికా సంఘము ఏడవ ప్రణాళికను సిద్ధము చేయుచుండెను. తిండి, పని, ఉత్పాదకత అనునవి ఆ ప్రణాళిక ముఖ్యలక్ష్యములు. 1985 జూనులో వచ్చిన జవుళి విధానము మిల్లు, మరమగ్గము అను భేదమును తొలగించి, ఎవరి శక్తికొలది వారు పోటీపడవలెననెను. అదే యేట చేమగ్గములకు కొన్ని వస్త్రములను ప్రత్యేకించు శాసనము వచ్చెను. మిల్లుకు ఒక విధానము, చేమగ్గమునకు ఒక శాసనము. నడుమ నిలిచిన మరమగ్గపు కూలివానికి ఏమియు లేదు. జవుళి విధానము జవుళి మంత్రిత్వశాఖది, దానిని హనుమంతరావుగారి తలపై పెట్టుట అన్యాయము. అయినను సాంకేతిక మార్పు లాభము ఎవరిదని దేశమునకు నేర్పిన ఆచార్యుడు యోజనా భవనమున ఉన్న నాలుగేండ్లలోనే ఈ ప్రశ్న మగ్గముల విషయమున గట్టిగా అడుగబడకపోవుట విచారకరము.

ఆయన సలహాదారు జీవితమున మన కన్నిటికంటె దగ్గరగా వచ్చినది జాతీయ గ్రామీణ శ్రామిక సంఘము. ఆయన అధ్యక్షతను అది 1991లో నివేదిక సమర్పించెను. ఏటేట ఊరు విడిచి పోయి వచ్చు వలసకూలీలు గ్రామీణులలోనే కోటికి పైగా ఉన్నారని ఆ సంఘము అంచనా కట్టెను. అందులో 45 లక్షలమంది రాష్ట్రపు ఎల్ల దాటి పోవువారు. వలసను సర్కారు కాగితముమీద ఇంత స్పష్టముగా అంకెలలో పెట్టుట గొప్ప ఉపకారము. అప్పటికి అమలులో నుండిన 1979 నాటి అంతర్రాష్ట్ర వలసకూలీల శాసనము గుత్తేదారు ద్వారా తేబడిన కూలికి మాత్రమే వర్తించెను. బావమరిది ఉత్తరము వ్రాయగా రైలెక్కి వచ్చినవానిని ఆ శాసనము ఎరుగదు. మనవారిలో ఎక్కువమంది బావమరుదుల ఉత్తరములమీదనే వచ్చిరి!

అయితే ఆ సంఘము పేరులోనే ఒక గోడ ఉన్నది. గ్రామమున నివసించి గ్రామమున పనిచేయు శ్రామికుడే గ్రామీణ శ్రామికుడని దాని నిర్వచనము. సిరిసిల్ల ప్రక్క పల్లెలో కరవు వచ్చి పని లేక కూర్చున్న సాలెవాడు సంఘము దృష్టిలో ఉన్నాడు. వాడే రైలెక్కి భివండీలో దిగి, బిస్సీలో భోజనమునకు కుదిరి, మగ్గము నొద్ద నిలిచిన మరునాడు దాని దృష్టి నుండి జారిపోవును. పట్టణ శ్రామికుల కాగితములలోనికి ఎక్కుటకు వానికి మిల్లు గుర్తింపు లేదు, సంఘము లేదు. ఒక కట్టకును మరొక కట్టకును నడుమ పడిపోయిన మనిషి వాడు. సంఘముయొక్క పరిధిని ప్రభుత్వము నిర్ణయించును, అధ్యక్షుడు కాదు అని సమర్థింపవచ్చును. నేను ఒప్పుకొందును. కాని పరిధిని ఇచ్చినవారికి ఆ పరిధి చాలదని చెప్పుట కూడ సలహాదారుని పనియే కదా. కరవును, వలసను, పట్టణపు మురికివాడను ఒకే త్రాటిపై పేర్చి చూపుటకు ఆయనకంటె అర్హుడు లేడు.

ఆ సంఘపు సిఫారసులకు కలిగిన గతియు చెప్పుకొనదగినదే. వ్యవసాయ కూలీలకు ప్రత్యేకముగా కేంద్ర శాసనము కావలెనని అది కోరెను. అట్టి శాసనము రాలేదు. దేశమంతటికి కూలికి ఒక అడుగుమట్టము ఉండవలెనన్న మాటను మాత్రము ప్రభుత్వము అంగీకరించి 1996లో రోజునకు 35 రూపాయలని నిర్ణయించెను. దానికి శాసనబలము లేదు. ఈయనివానిని అడుగువాడు లేడు. 2017లో అది 176 రూపాయలాయెను. 2019లో ప్రభుత్వమే నియమించిన నిపుణులు రోజునకు 375 రూపాయలు కావలెనని చెప్పిన పిమ్మట దానిని 178కి పెంచిరి. రెండు రూపాయలు! ఖర్చు లేని భాగమును గ్రహించి, బలమిచ్చు భాగమును విడుచుట ప్రభుత్వములకు క్రొత్త విద్య కాదు. ఆచార్యుని రెండవ జన్మమును గూర్చి మొదట చెప్పిన మాటకు ఇంతకంటె నిదర్శనము అక్కరలేదు.

కరవు సీమల అభివృద్ధిపై 1994లో ఆయన అధ్యక్షతను సాగిన సాంకేతిక సంఘము ఇందుకు కొంత భిన్నము. కరవు ప్రాంతముల పథకమును, ఎడారి ప్రాంతముల పథకమును పరీక్షించి, శాఖలవారీగా చెరువొకరు, చెట్టొకరు, పొలమొకరు చూచుట వలన సొమ్ము వృథా అగుచున్నదని అది తేల్చెను. సుమారు 500 హెక్టారుల నీటిపరీవాహక ప్రాంతమును ఒక్క ముక్కగా తీసికొని, ఆ ఊరివారి సంఘమే పని చేయవలెనని చెప్పెను. 1995 ఏప్రిలు 1 నుండి ఆ మార్గదర్శకములు దేశమంతట అమలైనవి. 2003లో హరియాలి అను పేరుతో వానిని మార్చి పంచాయతీలకు అప్పగించిరి. 2006లో పార్థసారథి సంఘము మరల పరీక్షించెను. వాన నీటిని పొలముననే ఆపినచో వలస ఆగునా? కొన్నిచోట్ల ఆగినది, కొన్నిచోట్ల కట్టలు మాత్రమే మిగిలినవి. ఏమైనను, ఆచార్యుని ఆలోచన ఉత్తరువుగా మారి పల్లెదాకా చేరిన సందర్భములలో ఇది శ్రేష్ఠము. 2004లో ఏర్పడిన జాతీయ సలహామండలిలోను ఆయన సభ్యులు. మరుసటి యేట గ్రామీణ ఉపాధి హామీ శాసనము వచ్చెను. 2004లోనే పద్మభూషణ్ లభించినది. హైదరాబాదులోని ఆర్థిక సామాజిక అధ్యయన కేంద్రమునకు పెద్దదిక్కుగాను, కేంద్రీయ విశ్వవిద్యాలయమునకు చాన్సలరుగాను ఉండిరి. వీనిని విస్తరింపను.

2010లో ప్రాంతీయ అసమానతలను, చిన్నరాష్ట్రములను, తెలంగాణమును గూర్చిన గ్రంథము ప్రకటించిరి. ఉద్యమమునకు ఆవేశము చాల ఉండెను, లెక్కలు కొరతగా ఉండెను. ఆ లెక్కలను పరువుగల పండితుడు తెచ్చుట మేలైనది. 2014 జూను 2న రాష్ట్రమేర్పడెను. సిరిసిల్ల మగ్గములకు 2017 నుండి కొన్ని యేండ్లు బతుకమ్మ చీరల పని దొరకుట ఆ రాష్ట్రప్రభుత్వము చేసిన సహాయము. కాని రాష్ట్రము వేరైనను, వెనుకటి తరమున ఎల్ల దాటి వచ్చినవారు ఆ లెక్కలలో ఎక్కడ? పుట్టిన రాష్ట్రమునకు పోయినవారు, ఉన్న రాష్ట్రమునకు వచ్చినవారు అయిన మనము ప్రాంతీయ అసమానతకు నిలువెత్తు సాక్ష్యములము. ఆ గ్రంథము సాక్ష్యమును ఊరిలోనే వెదకినది.

ఇప్పుడు భివండీ మగ్గము నొద్ద నిలుచున్నవారిలో ఎక్కువమంది తెలుగువారు కారు, ఉత్తరప్రదేశ్, బీహారుల నుండి వచ్చినవారు. మనవారిలో పలువురు చిన్న యజమానులైరి, ఆసాములైరి. 2020 మే నెలలో ఊరికి పోవుటకు కూలీల ప్రత్యేక రైలు భివండీ నుండి గోరఖ్‌పూరునకు కదలినపుడు, మన తాతలు ఎక్కి వచ్చిన రైలు వెనుకకు పోవుచున్నట్లుండెను. కావున హనుమంతరావుగారి ప్రశ్న ఇపుడు మనలను రెండువైపుల నుండి అడుగుచున్నది: వ్యాపారి ఆసామికి ఇచ్చు మీటరు కూలి ఎంత, ఆసామి మగ్గము నడుపువానికి ఇచ్చు మీటరు కూలి ఎంత?

2019లో పార్లమెంటు చేసిన వేతన సంహిత, 1991లో ఆ సంఘము కోరిన అడుగుమట్టమునకు మొదటిసారి శాసనబలము నిచ్చినది. మన మహాసభలు ఈ విషయమును చర్చింపదలచినచో పరిశీలింపవలసినది ఒక్కటి. మట్టము రోజునకు ఇంతయని కట్టబడును. మనది మీటరునకు ఇంతయను లెక్క. బీము లేక మగ్గము నిలిచిన దినమున మీటర్లు సున్న. ఆ దినపు కూలి ఎవరు ఇయ్యవలెను, నూలు ఆపిన వ్యాపారియా, కొట్టు తెరచి కూర్చున్న ఆసామియా?